కోళ్ల దాణాలో కొలిస్టిన్ ఎందుకు నిషేధించారు? పేగులో పుట్టే మొండి బ్యాక్టీరియా కథ

కోళ్లు, పశువులు, చేపలు, రొయ్యల పెంపకంలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ 2019 జూలైలో నిషేధించింది. దాణాలో కలపడానికి కూడా వీల్లేదు. ఐసీయూలో పేషెంటుకు మిగతా మందులేవీ పనిచేయనప్పుడు డాక్టర్లు చివరగా ఇచ్చే మందుల్లో ఇదొకటి. అలాంటి మందు ఏళ్ల తరబడి కోళ్లు త్వరగా బరువు పెరగడానికి దాణాలో కలిసింది. దాని ఫలితం ఫారం దాకానే ఆగలేదు, ఆస్పత్రి దాకా వచ్చింది.

ఏమిటీ కొలిస్టిన్?

1949లో జపాన్‌లో మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా నుంచి దీన్ని కనుగొన్నారు. కిడ్నీలను దెబ్బతీస్తుందని 1970ల తర్వాత మనుషులకు ఇవ్వడం బాగా తగ్గించారు. అప్పటికి అంతకన్నా సురక్షితమైన మందులు ఉన్నాయి కాబట్టి దీని అవసరం పెద్దగా రాలేదు. ఆ తర్వాత క్లెబ్సియెల్లా, అసినెటోబ్యాక్టర్ లాంటి బ్యాక్టీరియా ఖరీదైన మందులకు కూడా లొంగడం మానేశాయి. దాంతో డాక్టర్లు మళ్లీ ఈ పాత మందునే బయటకు తీశారు.

పశువుల పెంపకంలో మాత్రం దీని వాడకం ఆగలేదు. ఇది చవక. పైగా నోటి ద్వారా ఇస్తే రక్తంలోకి పెద్దగా ఎక్కదు, పేగులోనే ఉండిపోతుంది. కోళ్లు, పందుల్లో వచ్చే విరేచనాలకు పనికొస్తుందని వాడారు. జబ్బు లేకపోయినా బరువు పెరగడానికి రోజూ కొద్ది కొద్దిగా దాణాలో కలిపారు. కోడి పెంపకం ఖర్చులో సింహభాగం దాణాదే. అదే దాణాకు కోడి కొంచెం ఎక్కువ బరువు తూగినా వేల కోళ్ల బ్యాచ్‌లో ఆ తేడా రైతుకు లాభంగా కనిపిస్తుంది.

పేగులో ఏం జరుగుతుంది?

కోడి పేగులో కోట్లాది బ్యాక్టీరియా ఉంటాయి. వాటిలో చాలావరకు హాని చేయనివే. రోజూ తక్కువ మోతాదులో మందు తగులుతుంటే దానికి లొంగేవి చచ్చిపోతాయి, తట్టుకున్నవి మిగులుతాయి. ఖాళీ అయిన చోట అవే పెరుగుతాయి. కొన్నాళ్లకు పేగు నిండా మొండివే ఉంటాయి.

ఇది అంచనా కాదు, పరీక్షించి చూసిన విషయం. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక చిన్న ఫారంలో స్టువర్ట్ లెవీ బృందం కోళ్లకు టెట్రాసైక్లిన్ కలిపిన దాణా పెట్టింది. ఆ ఫలితాలు 1976లో వచ్చాయి. వారం లోపే కోళ్ల పేగుల్లో దాదాపు అన్నీ టెట్రాసైక్లిన్‌కు లొంగని బ్యాక్టీరియానే కనిపించాయి. ఐదారు నెలల్లో ఆ ఫారంలో ఉండే మనుషుల పేగుల్లో కూడా అవి పెరిగాయి. చుట్టుపక్కల ఇళ్ల వాళ్లలో మాత్రం అలా జరగలేదు. ఫారం వాళ్లు తిన్నది మందు కాదు, వాళ్లు కోళ్ల మధ్య మసిలారు అంతే.

చైనాలో బయటపడిన జన్యువు

2015 నవంబర్‌లో చైనా పరిశోధకులు మరో సంగతి చెప్పారు. పందుల పేగుల్లోని ఈ.కోలి బ్యాక్టీరియాలో ‘ఎంసీఆర్-1’ అనే జన్యువు దొరికింది. ఇది ఉంటే కొలిస్టిన్ పనిచేయదు. అంతకుముందు కొలిస్టిన్‌కు లొంగని బ్యాక్టీరియా లేవని కాదు. అయితే అప్పట్లో ఆ గుణం ఆ బ్యాక్టీరియా సంతతికే పరిమితం అనుకునేవారు. ఎంసీఆర్-1 మాత్రం ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట మీద ఉంది. ఈ చుట్టను ఒక బ్యాక్టీరియా పక్కనున్న ఇంకో బ్యాక్టీరియాకు కాపీ చేసి ఇచ్చేస్తుంది. అవతలిది వేరే జాతిదైనా ఇవ్వగలదు. అంటే పందిలో హాని చేయని బ్యాక్టీరియా నుంచి మనిషిలో జబ్బు తెచ్చే బ్యాక్టీరియాకు కూడా చేరే దారి ఉందన్నమాట.

ఆ బృందం పరీక్షించిన 804 జంతువుల నమూనాల్లో 166 (21 శాతం), 523 పచ్చి మాంసం నమూనాల్లో 78 (15 శాతం), ఆస్పత్రిలో చేరిన 1,322 మందిలో 16 మందిలో (1 శాతం) ఈ జన్యువు ఉంది. జంతువుల్లో ఎక్కువ, మనుషుల్లో తక్కువ ఉండటంతో ఇది పశువుల నుంచే మొదలైందని వాళ్లు భావించారు. తర్వాత భారత్ సహా అనేక దేశాల్లో ఇది కనిపించింది.

ఆపితే తగ్గుతుందా?

తగ్గింది. బరువు పెంచడానికి దాణాలో కొలిస్టిన్ కలపడాన్ని చైనా 2017లో ఆపేసింది. పందుల ఈ.కోలిలో కొలిస్టిన్‌కు లొంగనివి 2015-16లో 34 శాతం ఉంటే 2017-18కి 5.1 శాతానికి పడిపోయాయి. కోళ్లలో 18.1 శాతం నుంచి 5 శాతానికి తగ్గాయి. మనుషుల్లో కూడా ఈ జన్యువు ఉన్న ఈ.కోలి మోస్తున్నవారి వాటా తగ్గింది. యూరప్ అయితే 2006 నుంచే బరువు కోసం దాణాలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని పూర్తిగా మానేసింది. అక్కడ కోళ్ల పరిశ్రమ మూతపడలేదు.

తెలుగు రాష్ట్రాలకు ఎందుకు ముఖ్యం?

2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 10.79 కోట్లు, తెలంగాణలో సుమారు 8 కోట్ల కోళ్లు ఉన్నాయి. దేశంలో తమిళనాడు తర్వాత స్థానాలు ఈ రెండింటివే. రొయ్యల సాగులో ఆంధ్రాదే పైచేయి. ఇక్కడ షెడ్డులో ఏం వాడుతున్నారన్నది చిన్న విషయం కాదు.

చాలామంది ‘మాంసంలో మందు లేదు కదా, ఇంకేం భయం’ అంటారు. మాంసంలో మిగిలే మందు ఒక సమస్య, మొండి బ్యాక్టీరియా ఇంకో సమస్య. కోతకు కొన్ని రోజుల ముందు మందు ఆపితే మొదటిది తగ్గుతుంది. అప్పటికే పేగులో పెరిగిన బ్యాక్టీరియా మాత్రం అలాగే ఉంటుంది. కోసేటప్పుడు మాంసానికి అంటుకుంటుంది. కోడి ఎరువుతో పొలానికి, అక్కడి నుంచి నీళ్లకు, షెడ్డులో పనిచేసేవాళ్ల చేతులకు చేరుతుంది.

ఏం చేయొచ్చు?

ఇంట్లో: చికెన్ బాగా ఉడికితే బ్యాక్టీరియా చస్తుంది, మొండివైనా సరే. ప్రమాదం వండకముందే. పచ్చి చికెన్‌కు వాడిన కత్తి, పీట కడగకుండా కూరగాయలు కోయొద్దు. నల్లా ధార కింద కడిగితే తుంపరలు సింక్ అంతా పడతాయి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఫారంలో: టీకాలు టైముకు వేయించడం, నీళ్లు శుభ్రంగా ఉంచడం, కింద పరిచే ఊక పొడిగా ఉండేలా చూడటం, షెడ్డులో కిక్కిరిసి పెంచకపోవడం. ఇవి చేస్తే మందు అవసరమే తగ్గుతుంది. జబ్బు వస్తే పశువైద్యుడు రాసిన మందే, రాసినన్ని రోజులే వాడాలి. దాణా బస్తా కొనేముందు అందులో ఏం కలిపారో అడగాలి.

మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది చనిపోయారని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఇందులో మనుషులు అడ్డగోలుగా మింగే మాత్రల పాత్ర కూడా ఉంది, తప్పంతా కోళ్ల రైతు మీద వేయలేం. ఇక 2019 నాటి ఉత్తర్వు కొలిస్టిన్ ఒక్కదానికే. లెవీ ఫారంలో వారంలోనే ప్రభావం చూపిన టెట్రాసైక్లిన్ దాని పరిధిలో లేదు.