చక్రం ఆగకముందే తేలిపోయే పందెం

విశాఖలో ఓడెక్కితే పోర్టుబ్లెయర్ చేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఉత్తరాంధ్ర నుంచి అలా వెళ్లి అండమాన్‌లో స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. పోర్టుబ్లెయర్‌లోని డిగ్నాబాద్ పేటకు స్లాట్ మెషీన్ అనే, చక్రాలు తిప్పే జూదపు యంత్రం ఏ ఓడలోనూ రాలేదు. కానీ 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రం అడుగున వేసిన దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ పనిచేయడం మొదలైంది. వేగంగా నడిచే ఇంటర్నెట్‌తో పాటు, ఆ యంత్రం బుర్రకీ ఫోన్లలోకి దారి దొరికింది.

యంత్రానికి మొదట్లో బుర్ర లేదు. స్ప్రింగులు, పళ్లచక్రాలే. శాన్‌ఫ్రాన్సిస్కోలో 19వ శతాబ్దం చివర చార్లెస్ ఫే తయారుచేసిన 'లిబర్టీ బెల్'లో మూడు చక్రాలు, ఒక్కోదానికి ఆగే చోట్లు పది. మొత్తం వెయ్యి రకాలుగా ఆగగలదు. చక్రం మీద బొమ్మలు లెక్కపెట్టుకున్నవాడికి తన అవకాశం ఎంతో తెలిసిపోయేది.

1960ల్లో బాలీ కంపెనీ 'మనీ హనీ'తో కరెంటు వచ్చింది, 1976లో 'ఫార్చ్యూన్ కాయిన్'తో టీవీ తెర వచ్చింది. అసలు మలుపు మాత్రం 1984లో ఇంగే టెల్నెస్ పొందిన అమెరికా పేటెంటు. ఇనుప చక్రం మీద 22 చోట్లుంటే, మూడు చక్రాలకు కలిపి 10,648 రకాలే. పెద్ద బహుమతి ఇవ్వాలంటే గెలుపు అంతకన్నా అరుదుగా ఉండాలి. టెల్నెస్ పద్ధతిలో యంత్రానికి బుర్రలాంటి చిప్ యాదృచ్ఛికంగా ఒక సంఖ్యను తీస్తుంది, చక్రం ఆ సంఖ్యకు కేటాయించిన చోట ఆగుతుంది. చిప్‌లోని చక్రానికి 64 చోట్లు పెడితే లెక్క 2,62,144కు పెరుగుతుంది. కంటికి కనిపించేవి ఆ 22 చోట్లే!

మీట నొక్కిన క్షణంలోనే ఫలితం తేలిపోతుంది. ఆ తర్వాత చక్రాలు తిరగడం వట్టి ప్రదర్శన. పైగా బహుమతి బొమ్మ పక్కనున్న ఖాళీ చోట్లకు ఎక్కువ సంఖ్యలు కేటాయించి, ఆ బొమ్మ గెలుపు గీతకు కొంచెం పైనో కిందో తరచూ ఆగేట్టు చేయొచ్చు. 'అయ్యో, కొద్దిలో తప్పిపోయింది' అనుకుని మనిషి మళ్లీ నొక్కుతాడు. ఈ కిటుకే అన్నిటికన్నా క్రూరమైనది.

ఆటలో నైపుణ్యం మాటకొస్తే, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1960ల చివర సుప్రీంకోర్టు పేకాటలోని రమ్మీని ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆటగా చూసింది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి కదా! స్లాట్‌లో గుర్తుంచుకోవడానికేమీ ఉండదు. కిందటిసారి తిప్పినదానికి, ఈసారి తిప్పినదానికి సంబంధమే లేదు.

గోవా 1992లో చట్టం సవరించి అయిదు నక్షత్రాల హోటళ్లలో ఈ యంత్రాలకు వీలు కల్పించింది. ఫోన్లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. అది డిగ్నాబాద్‌కూ వర్తిస్తుంది.