బోర్డును రానిచ్చిన గుట్ట

వెర్మాంట్ రాష్ట్రంలో ఉడ్‌స్టాక్ ఊరి పక్కన సాస్కడీనా సిక్స్ అని ఒక స్కీ గుట్ట ఉంది. పైనుంచి కిందికి 650 అడుగులు, అంతే. కిల్లింగ్టన్ లాంటి పెద్ద కొండ దగ్గర్లోనే ఉన్నా, బోస్టన్ నుంచి స్నేహితులతో బయల్దేరినప్పుడు నేను పట్టుబట్టి ఇక్కడికే తీసుకొస్తాను. స్నోబోర్డు ఎక్కేవాళ్లంతా ఒక్కసారైనా చూడాల్సిన చోటు ఇది.

1934 జనవరిలో ఇదే ఊళ్లో క్లింటన్ గిల్బర్ట్ అనే రైతు బీడులో అమెరికాలోని మొదటి రోప్ టో తిరిగింది. ఫోర్డ్ మోడల్ టి ఇంజను, దానికి చుట్టిన పొడవాటి మోకు. అంతవరకూ ఒక్కసారి జారాలంటే గుట్టంతా కాళ్లతో ఎక్కాల్సిందే. మోకు పట్టుకుంటే చాలు, పైకి లాక్కుపోయేది. డార్ట్‌మత్ కాలేజీ స్కీ జట్టుకు నాయకుడిగా చేసిన వాలస్ బెర్‌ట్రమ్ 1936లో పక్కనున్న ఆరో నంబరు గుట్టకు మోకు కట్టాడు. దీన్ని నేరుగా దిగడం ఆత్మహత్యేనన్నాడట. అలా సూసైడ్ సిక్స్ అయింది. 2022లో స్థానిక ఆదివాసులైన అబెనాకీల భాషలోని ఇప్పటి పేరు పెట్టారు.

ఇక స్నోబోర్డు సంగతికొస్తే, అది పుట్టింది మిషిగన్‌లో. 1965 క్రిస్మస్ నాడు షెర్మన్ పాపెన్ తన కూతుళ్ల కోసం రెండు స్కీలు పక్కపక్కన బిగించాడు. అదే స్నర్ఫర్. 1977లో జేక్ బర్టన్ కార్పెంటర్ వెర్మాంట్‌కు వచ్చి బోర్డుల తయారీ మొదలుపెట్టాడు. చేసిన బోర్డు ఎక్కడ నడపాలి? స్కీ కొండలవాళ్లు గేటు దగ్గరే ఆపేసేవారు. లిఫ్టులు ఆగాక, రాత్రిపూట స్ట్రాటన్ కొండను నడిచి ఎక్కేవాడు.

అలాంటి రోజుల్లో, 1982లో, పాల్ గ్రేవ్స్ అనే స్నోబోర్డర్ ఈ గుట్ట మీద తొలి జాతీయ స్నోబోర్డు పోటీ పెట్టాడు. కాలిఫోర్నియా నుంచి మరో బోర్డుల తయారీదారు టామ్ సిమ్స్ వచ్చాడు, బర్టన్ వచ్చాడు. ఫేస్ అనే నిటారు వాలు మీద పందెం. మొన్న మావాళ్లతో ఆ వాలు అంచున నిలబడ్డాను. రాత్రి చలికి మంచు మొత్తం గడ్డకట్టింది, బోర్డు అంచు కరకరమంటోంది. ఆనాటి బోర్డుల్లో చాలావాటికి ఇనుప అంచులు లేవని చెప్తే, గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడు, "మరెలా ఆగారన్నా?" అన్నాడు. ఆగడం కన్నా పడకుండా కిందికి చేరడమే అప్పటి పందెం.

ఆ పోటీ జరిగిన మరుసటేడు స్ట్రాటన్ బోర్డులకు తలుపు తీసింది. 1998లో నాగానో ఒలింపిక్స్‌కు బోర్డు చేరింది. వెర్మాంట్‌లోనే ఉన్న మ్యాడ్ రివర్ గ్లెన్ అనే స్కీ కొండ మాత్రం ఇప్పటికీ బోర్డులను రానివ్వదు. అది అన్యాయమని నా అభిప్రాయం.

న్యూ ఇంగ్లండ్‌లో సాస్కడీనా సిక్స్ లాంటి చిన్న గుట్టలు వందల సంఖ్యలో మూతపడ్డాయి. మంచు సరిగా పడని శీతాకాలాలు, పెరిగిన బీమా ఖర్చు వాటిని మింగేశాయి. ఇక్కడుంటున్న మనవాళ్లకు నా మనవి ఒకటే: ఈ సీజన్లో ఒక్క రోజైనా మీకు దగ్గర్లో ఉన్న చిన్న గుట్టకు టికెట్ కొనండి.