తంతి స్తంభము నుండి సెల్ టవరు దాకా

గోదావరి డెల్టాలో కాలువగట్టు వెంట నడిచేవారికి కొబ్బరితోటల తలలమీదుగా ఒక ఇనుప టవరు ఎక్కడో ఒకచోట కనబడక మానదు. గుట్టలు లేని సమతల భూమి కనుక ఎత్తును మనుష్యుడే కట్టుకొనవలెను. 40 మీటర్ల ఎత్తున నిలిచి చూచినచో దిఙ్మండలము దాదాపు 22 కిలోమీటర్ల దూరమున వుండును. అయినను ఒక్క టవరు అంత ప్రదేశమునకు సరిపోదు. ఉన్న కొద్ది పౌనఃపున్యములను చిన్న చిన్న గదులుగా విభజించిన ప్రదేశములలో మరల మరల వాడుకొనవలెనన్నదే సెల్ పద్ధతి. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టిన ఆలోచన యిది. మాట్లాడేవారు పెరిగిన కొలది గదులు చిన్నవగును, టవర్లు ఇండ్ల నడుమకు వచ్చును. అప్పుడు ఊరివారు అడుగుతారు: దీనిని ఇక్కడ నిలుపుమన్నది ఎవరు?

ఈ ప్రశ్న సెల్ ఫోనుకంటె నూరేండ్లు పెద్దది. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనను గూర్చి తీర్మానము చేసినాడు. దానిననుసరించి 1884లో మద్రాసు స్థానిక బోర్డుల శాసనము వచ్చినది. అప్పుడు మద్రాసు రాజధానిలో భాగమైన గోదావరి జిల్లాకు ఈ విధముగా తాలూకా బోర్డులు, యూనియన్ పంచాయతీలు ఏర్పడినవి. వీధులు, దీపములు, పారిశుద్ధ్యము, వాటికై ఇంటిపన్ను యూనియన్ల పాలయినవి. సరిగా మరుసటి ఏడే, 1885లో, భారత తంతి శాసనము పుట్టినది. నేలను ఊరికి అప్పగించిన చేతితోనే తంతిని ప్రభుత్వము తన గుప్పిట వుంచుకొన్నది.

ఆ తంతి శాసనము చదువదగినది. 10వ సెక్షను ప్రకారము స్తంభము పాతిన చోట తంతి అధికారికి వాడుక హక్కే గాని భూమిపై మరే హక్కు లేదు. స్థానిక సంస్థకు చెందిన స్థలమైతే ఆ సంస్థ అనుమతి కావలెను. వినుటకు న్యాయముగా వున్నది. కాని అనుమతి నిరాకరించి తగవు వస్తే, 15వ సెక్షను ప్రకారము తీర్పరిని నియమించేది కేంద్ర ప్రభుత్వమే. అప్పీలు కూడా దానికే. తగవులో ఒక పక్షమువారే పెద్దమనిషిని ఏర్పరచుట! 18వ సెక్షను చెట్లకు సంబంధించినది. తీగకు అడ్డు వచ్చే చెట్టును మేజిస్ట్రేటు తొలగింపించవచ్చును. అయితే తీగకంటె ముందే వున్న చెట్టుకు పరిహారమివ్వవలెను. కోనసీమ కొబ్బరి రైతుకు ఇది చిన్న సంగతి కాదు.

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము ఈ విభజననే నిలిపినది. ఏడవ షెడ్యూలులో తంతి, దూరవాణి, నిస్తంతి కేంద్ర జాబితాలో 31వ అంశము. స్థానిక ప్రభుత్వము, భూమి, భూమిపైనా కట్టడములపైనా పన్ను రాష్ట్ర జాబితాలోనివి. టవరు పాదము ఒక జాబితాలో, తల మరొక జాబితాలో వున్నవన్నమాట.

1994లో ఆ జంట కథ మళ్లీ నడిచినది. ఆ ఏడాది మే నెలలోనే ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ శాసనము అమలులోనికి వచ్చినది, జాతీయ టెలికాం విధానమూ వెలువడినది. 1995 జూలై 31న దేశములో మొదటి సెల్ సంభాషణ కలకత్తా, ఢిల్లీల మధ్య జరిగినది. కొన్నేండ్లకు డెల్టాలో టవర్లు లేచినవి. పంచాయతీలకు కట్టడమునకు అనుమతి ఇచ్చుట తెలియును, ధాన్యపు మరలకు లైసెన్సు ఇచ్చుట తెలియును. టవరు కింది డీజిల్ జనరేటరు మోతను, పొగను మరమోతలాగే చూడవచ్చును. కంటికి కనబడని కిరణము సంగతి ఏమి?

ఇక్కడ భయము, భౌతికశాస్త్రము వేరువేరు దారులు పట్టినవి. 2012 నవంబరులో రాజస్థాన్ ఉన్నత న్యాయస్థానము బడులు, ఆసుపత్రుల వద్దనున్న టవర్లను తొలగించుమన్నది. అంతకుముందే, ఆ యేటి సెప్టెంబరు 1 నుండి, కేంద్రము వికిరణపు పరిమితిని అంతర్జాతీయ ప్రమాణములో పదవ వంతుకు తగ్గించినది: 900 మెగాహెర్ట్జ్ వద్ద చదరపు మీటరుకు 0.45 వాట్లు. టవరు చుట్టూ నేలపై వలయము గీసి నిషేధించుట సులభమే. కాని ఆంటెన్నా తన శక్తిని దాదాపు అడ్డముగా, ముందుకు పంపును. పాదము వద్దనున్న ఇంటికంటె ఎదురుగా అదే ఎత్తున వున్న మేడకే ఎక్కువ చేరును. అందుచేతనే 2013 మార్గదర్శకములలో ఒక ఆంటెన్నాకు 20 మీటర్లు, రెండింటికి 35 మీటర్లు అని చెప్పిన దూరము అట్టి ఎదుటి మేడకే వర్తించును. మరొక చిక్కు వున్నది: టవరు దూరమైన కొలది చెవి దగ్గరి ఫోను తన శక్తిని పెంచుకొనును. బడికి దూరముగా టవరును తరిమితే ఫోనే పిల్లవానికి దగ్గరి టవరు.

డెల్టావాసికి అంతకంటె ప్రత్యక్షమైన ప్రమాణము గాలి. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను కోనసీమ తోటలను నేలకూల్చినది, వెయ్యిమందికి పైగా ప్రాణములు కోల్పోయినారు. గాలివేగము రెట్టింపైతే కట్టడముపై ఒత్తిడి నాలుగు రెట్లగును. మెత్తని ఒండ్రునేలలో పునాది ఎట్లున్నదో చెప్పే నిర్మాణ భద్రతా పత్రమును 2013 మార్గదర్శకములు అడిగినవి; పంచాయతీ శ్రద్ధగా చదువవలసిన కాగితమిదే.

ఆ తరువాత అధికారము వేగముగా చేతులు మారినది. 2016 నవంబరు నియమముల ప్రకారము 60 రోజులలో జవాబు చెప్పనిచో అనుమతి ఇచ్చినట్లే భావించెడివారు. టవరు దరఖాస్తు రుసుము 10,000 రూపాయలకు మించరాదని ఆ నియమములు చెప్పినవి. 2022 ఆగస్టు సవరణతో ప్రైవేటు స్థలములో టవరుకు అనుమతి అక్కరలేకపోయినది. వ్రాతపూర్వక సమాచారము చాలును. ఈ నడుమ పంచాయతీలకు ఒక ఊరట దొరికినది. 2016 డిసెంబరు 16న సర్వోన్నత న్యాయస్థానము అహమ్మదాబాదు నగరపాలక సంస్థ వ్యాజ్యములో, పన్ను నిమిత్తము సెల్ టవరు కూడ కట్టడమే అని తీర్పు చెప్పినది. 1884 నాటి ఇంటిపన్ను టవరును కూడ తాకినది.

ఆ ఊరట ఎనిమిదేండ్లయినా నిలువలేదు. 1885 శాసనము స్థానములో 2023 టెలికమ్యూనికేషన్ల శాసనము వచ్చినది. దాని 14వ సెక్షను 2024 జూన్ 26న అమలులోనికి వచ్చినది. ఒక స్థలముపై నెలకొల్పిన టెలికాం వ్యవస్థ ఆ స్థలములో భాగము కాదనియు, ఆస్తిపన్నుకు కూడ అట్లే భావింపరాదనియు అది చెప్పుచున్నది.