కొండపల్లి పెద్దయ్యగారు : ఒక శిలాఫలకమును గూర్చిన వివాదము

బొమ్మల కాలనీ మొగదల నిలుపదలచిన శిలాఫలకముపై నేమి చెక్కింపవలెనను విషయమున మా కొండపల్లిలో కొంతకాలముగా సాగుచున్న వాదము ఖిల్లా రోడ్డున నడచు ప్రతివానికిని తెలిసినదే. మా కొయ్యబొమ్మల శిల్పము రెడ్డిరాజుల ఆదరమున పుట్టినదని వ్రాయవలెనని ఒక పక్షమువారును, రాజస్థానమునుండి వలసవచ్చిన ఆర్యక్షత్రియుల కీర్తిని మాత్రమే వ్రాయవలెనని మరియొక పక్షమువారును పట్టుపట్టుచున్నారు. ఉభయుల చిత్తుప్రతులను నేను చదివితిని. రెంటను రాజులున్నారు, దుర్గమున్నది, పురాణమున్నది. ఉలి పట్టిన మనిషి మాత్రము లేడు. రెండు తరముల పనివాండ్రకు చేయి తిప్పుట నేర్పి, పస్తులున్న ఇండ్లకు పనియు, పనిలేని చేతులకు పనిముట్లును సమకూర్చిన మా పెద్దయ్యగారి ఊసు ఎందును లేకపోవుట నాకు మిక్కిలి బాధ కలిగించినందున ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను.

మొదట కాలమును గూర్చిన చిక్కును విప్పవలెను. అనవేమారెడ్డి రాజస్థానమునుండి శిల్పులను రావించి మన కొండక్రింద నిలిపెనని యాత్రికుల కొరకు అచ్చువేసిన పుస్తకములు వ్రాయుచు, ఆ వాక్యమునందే వలస జరిగినది పదునారవ శతాబ్దమని చేర్చుచున్నవి. కొండవీటి ప్రభువైన అనవేమారెడ్డి 1364 మొదలు 1386 వరకు రాజ్యము చేసినవాడు. ఆయన గతించిన నూరేండ్లకు పైబడి జరిగిన వలసను ఆయనయే నడిపించెననుట ఎట్లు పొసగును? ఒకరి వ్రాతను మరియొకరు పరిశీలింపక ఎత్తి వ్రాసికొనుటవలన పుట్టిన ప్రమాదమిది. అట్టి వాక్యమును రాతిపై చెక్కించినచో మన మనుమలకును ఆ ప్రమాదమునే వారసత్వముగా ఇచ్చినవారమగుదుము. దుర్గము రెడ్లనాటిదనుటలో నాకు విప్రతిపత్తి లేదు. వలస పదునారవ శతాబ్దమున జరిగినదను పక్షమే నిజమైనచో, ఆ శతాబ్దములో ఈ కొండ చేతులు మారిన తీరును గూడ జ్ఞప్తియందుంచుకొనవలెను: గజపతులనుండి శ్రీకృష్ణదేవరాయలకును, పిమ్మట గోల్కొండ కుతుబ్‌షాహీలకును ఇది వశమైనది. ఇన్ని జెండాలు దిగి ఎక్కుచుండగా ఏ ఒక్క ప్రభువు నీడనో ఈ విద్య నిలిచినదనుట చరిత్రజ్ఞులకు తగిన మాట కాదు.

శాసనప్రమాణము చూపుడని కొందరు నన్నడిగిరి. రాయలవారి 1516 నాటి సింహాచల శాసనమును నేను ఆదరముతో పలుమారులు చదువుకొన్నాను. అందు ఉదయగిరి, కొండవీడు, కొండపల్లి మున్నగు దుర్గముల విజయము కలదు, పట్టువడిన పాత్రసామంతుల ప్రస్తావన కలదు. మన ఊరిపేరు అట్టి శాసనమునకెక్కుట గర్వకారణమే. కాని పొణికికొయ్య చెక్కువాని పేరును అందు వెదకుట వ్యర్థము. గెలిచినవాడు తాను గెలిచినదానినే వ్రాయించుకొనును. కనుకనే మన శిల్పచరిత్రకు రాతికన్న కొయ్యయే మేలైన సాక్షియని నా నిశ్చయము. అంబారీ ఏనుగు దర్బారును తలపించును, నిజమే. దశావతారములు దేవాలయమును తలపించును. అయితే తాటిచెట్టెక్కు గీతగాడు, రోటిలో దంచు ఇల్లాలు, ఎడ్లబండి, ఇవి ఏ ప్రభువు కోరగా పుట్టినవి? సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టుకొను కృష్ణాతీరపు గృహిణుల ముంగిళ్లే మన పనివానికి నిజమైన రాజాస్థానములు.

ముక్తఋషి వృత్తాంతమును నేను తోసిపుచ్చుట లేదు. పరమశివుడు ముక్తఋషికి ఈ నేర్పు ననుగ్రహించెననియు, తాము ఆయన సంతతివారమనియు, దేవాలయములలోని గరుడ నంది సింహ వాహనములు తమ పూర్వుల చేతిపనియే ననియు ఆర్యక్షత్రియులు చెప్పుకొందురు. తారీఖులు నిర్ణయించుటకు అది పనికిరాకపోవచ్చును. కాని తన చేతిలోని విద్య తనది కాదనియు, అనుగ్రహముగా వచ్చినదనియు నమ్మిన జాతికి వినయము సహజమగును. ఆ నమ్మకమును అక్షరాల ఆచరించి చూపినవారు పెద్దయ్యగారు.

ఆయన పని చేయుచుండగా చూచినవారికి మరువరానిది ఏనుగును అతుకు విధానము. తెల్ల పొణికికొయ్యను చెమ్మ విడుచునట్లు సన్నని సెగపై ఆరబెట్టి, బాడిసతో మొండెమును దిద్ది, కాళ్లు, చెవులు, తొండము వేరువేరుగా చెక్కి, చింతపిక్కల బంకలో రంపపు పొట్టు కలిపి నూరిన మక్కుతో వానిని చేర్చెడివారు. చేర్చిన పిమ్మట కన్నులు మూసికొని బొటనవ్రేలితో ఆ అతుకును తడవి చూచెడివారు. గోటికి ఏమాత్రము తగిలినను మరల ఆకురాయి పట్టి రుద్దవలసినదే. సున్నపు పూత వేసిన తరువాత ఎట్లును కనబడదు గదాయని పడుచువారెవరైన ననిన, కొన్నవారి యింట పిల్లవాడు ఆ తొండమును పట్టుకొనియే ఏనుగును ఎత్తుననియు, ఊడినచో ఏడ్చునది ఆ పిల్లవాడేయనియు చెప్పి, తామే మరల రుద్దియిచ్చెడివారు. మేకవెంట్రుకల కుంచె పట్టి కన్నులు దిద్దుట మాత్రము తమ ఇల్లాలికే విడిచిరి. ఆ విషయమున ఆమెయే తమకు గురువని నలుగురిలో నిస్సంకోచముగా చెప్పెడివారు.

ఇక ఆయన ఔదార్యము. అమావాస్యనాడు వీధియంతయు పని మానుకొనును. ఆనాడు పెద్దయ్యగారి అరుగుమీద సానరాయి తిరుగుట ఆగెడిది కాదు. మగదిక్కు లేని ఇండ్లనుండి వచ్చిన ఉలులును బాడిసలును వరుసగా పేర్చి యుండెడివి. ఒక్కొక్కదానిని పదునుపెట్టి, అంచును వెలుతురునకెత్తి చూచి, గుడ్డతో తుడిచి, ఎవరిది వారికి చేర్చెడివారు. ఆ పనికి ఒక్క కాసైన పుచ్చుకొనగా చూచినవారు లేరు. వానకాలమున అందరి కొయ్యయు చెమ్మపట్టి పని నిలిచిపోవు దినములలో, తమ పొయ్యిమీది అటకపై ఆరబెట్టుకొన్న కొయ్యను అడిగినవారికెల్ల దించి యిచ్చెడివారు. దానికి లెక్క వ్రాసికొనుట ఆయనయింట లేదు. ఎండకాలము వచ్చిన తరువాత తీసికొన్నవారు తిరిగి తెచ్చియిచ్చిన సరే, తేకపోయిన సరే. పట్టణపు వర్తకులు బేరమునకు వచ్చినపుడు, తమకంటె తక్కువ నేర్పుగల పొరుగువాని బొమ్మలను ముందు చూపించి, అవి అమ్ముడుపోయిన పిమ్మటనే తమ బుట్ట దించెడివారు. ఇట్టి మనిషిని చరిత్రలో చేర్చరాదనువారు చరిత్రయని దేనిని భావించుచున్నారో నాకు బోధపడదు.

ఆయనపై వచ్చిన నిందను గూడ దాచను. దర్గా వైపునుండి వచ్చిన ఒక ముసల్మాను పిల్లవానిని చేరదీసి పని నేర్పుచున్నప్పుడు, కులవిద్యను పరులపాలు చేయుచున్నారని వీధిలోని పెద్దలు కొందరు అడ్డుపడిరి. ఆయన బాడిస క్రింద పెట్టక, తల యెత్తక, "విద్య శివుడిచ్చిందిరా నాయనా, దాచుకోవటానికి నేనెవర్ని?" అనిరి. ఆ మాట నేను చెవులార విన్నాను. ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడై నేటికిని మన వీధికి అంబారీ ఏనుగులు చేసియిచ్చుచున్నాడు. మక్కు పాలు తెలిసినవాడు అతని తరములో అతనివలె మరియొకడు లేడు. వలసవచ్చినవారి కీర్తిని మాత్రమే చెక్కింపవలెనను మిత్రులు ఈ సంగతిని ఆలోచింతురుగాక. వలసవచ్చిన విద్యయే గనుక, అడిగి వచ్చినవానికి దానిని పంచియిచ్చుట దాని ధర్మమునకు విరుద్ధమెట్లగును? 2006-07లో మన బొమ్మలకు భౌగోళిక సూచిక లభించినది. ఆ గుర్తింపు ఊరికి లభించినదిగాని ఒక్క కులమునకు కాదు. నిర్మల్ పనివారినుండియే మనకీ విద్య సంక్రమించినదని వ్రాసిన ఒక రచయితకు నేను వేరుగా సమాధానము చెప్పనవసరము లేదు. వారును పొణికికొయ్యనే వాడుదురనుట తప్ప ఆయన వేరొక ఆధారము చూపలేదు.

ఫలకముపై నా మతమున వ్రాయదగిన వాక్యములు రెండే. ఈ విద్య ఎచటినుండి వచ్చినను ఈ కొండక్రిందనే ఇల్లిల్లు పంచుకొని బ్రదికినదని మొదటిది; దానిని అడిగినవానికెల్ల ఇచ్చిన పెద్దయ్యగారి పేరు రెండవది.

అంతకంటె అవసరమైన పని ఒకటి మిగిలియున్నది. కొండమీద పొణికిచెట్లు నానాటికి తరుగుచున్నవి. పెద్దయ్యగారు పడుచువారిని వెంటబెట్టుకొనిపోయి, నరకదగిన చెట్టేదో, విడువదగినది ఏదో, బెరడుమీద చేయివేసి చూపెడివారు. లేతచెట్టుపై గొడ్డలి పెట్టినవానితో కొన్ని దినములు మాటలాడెడివారు కారు. తమ చివరి యేండ్లలో విత్తనములేరి తెచ్చి నారుపోసి, కొండ దిగువను నాటించిరి. ఆ మొక్కలలో బ్రదికినవి కొన్ని ఇప్పటికి మనిషియెత్తు పెరిగినవి, మిగిలినవానిని మేకలు మేయుచున్నవి. ఉభయపక్షములవారును ఎండలు ముదురకముందే ఒకసారి అచటికి వచ్చి, బ్రదికినవానికైన కంచె వేయింపుడని వేడుచున్నాను. దారి తెలియనివారికి పెద్దయ్యగారి ఇంటివారు చూపగలరు.