మియాపూర్ ప్రాంతంలో విదేశీ భాషల ప్రభుత్వ ఉన్నత పాఠశాల: అవసరం, ఆధారం, రూపం

ప్రస్తావన

మియాపూర్‌కు దగ్గరలో ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని చేర్చుకునే ప్రభుత్వ విద్యాసంస్థలు రెండున్నాయి: గోపన్‌పల్లిలో జవహర్ నవోదయ విద్యాలయం, గౌలిదొడ్డిలో సాంఘిక సంక్షేమ గురుకులం. గౌలిదొడ్డికి ఐఐటీ, వైద్య ప్రవేశాల శిక్షణలో మంచి పేరుంది. లెక్కల్లో చురుకైన పేద విద్యార్థికి దారి చూపుతున్న ప్రభుత్వం, భాషల్లో చురుకైన విద్యార్థికి అటువంటి దారి వేయలేదు. ఆ దారి వేయడానికి కావలసిన అనుభవం మనకు ఉందని ఈ వ్యాసం వాదిస్తుంది.

అవసరం

హైదరాబాద్‌లో కొరియాకు చెందిన హ్యుందాయ్, జర్మనీకి చెందిన జెడ్‌ఎఫ్ వంటి సంస్థల సాంకేతిక కేంద్రాలు పనిచేస్తున్నాయి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ విదేశాలకు వెళ్లే నర్సులకు జర్మన్, జపనీస్ నేర్పిస్తోంది. ఉద్యోగం కోసం పెద్దయ్యాక హడావుడిగా నేర్చుకునే భాషను బడిలోనే నాలుగైదేళ్లపాటు నిదానంగా నేర్పవచ్చు. ఇప్పుడు ఆ అవకాశం ఎక్కువగా ఫీజులు కట్టగలిగిన ఇళ్ల పిల్లలకే దక్కుతోంది. ఇది న్యాయం కాదు.

ఆధారం

ఎంపిక చేసిన గ్రామీణ విద్యార్థులకు ప్రభుత్వమే వసతి కల్పించి చదివించే పద్ధతి తెలుగు నేలకు కొత్త కాదు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. 1986 జాతీయ విద్యా విధానంలో చోటు దక్కిన నవోదయ విద్యాలయాల్లో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులవి. తొమ్మిదో తరగతిలో కొందరిని ఏడాదిపాటు వేరే భాషా ప్రాంతపు నవోదయకు పంపుతారు. ఆ భాష మాట్లాడేవారి మధ్య బతుకుతూ నేర్చుకోవడం అక్కడ పాఠ్యక్రమంలో భాగం.

బోధకుల కోసం దూరం వెళ్లనక్కర్లేదు. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా పుట్టి, 1972లో విదేశీ భాషలనూ చేర్చుకుని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ తార్నాకలోనే ఉంది. అమీర్‌పేటలో మారితే మియాపూర్ నుంచి మెట్రోలోనే అక్కడికి చేరవచ్చు.

రెండు హెచ్చరికలు

కేంద్రీయ విద్యాలయాలు 2011 ఒప్పందంతో జర్మన్‌ను మూడో భాషగా నేర్పాయి. ఆ స్థానం భారతీయ భాషదేనంటూ 2014 నవంబరులో, విద్యా సంవత్సరం మధ్యలో, దాన్ని తొలగించారు. పిల్లలు ఇబ్బంది పడ్డారు. కాబట్టి విదేశీ భాష మన భాషల చోటును ఆక్రమించకూడదు, వాటికి అదనంగా రావాలి. 2020 జాతీయ విద్యా విధానం మాధ్యమిక స్థాయిలో కొరియన్, జపనీస్, జర్మన్ వంటి భాషలకు చోటిచ్చింది. తెలంగాణలో 2018 చట్టం తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. ఈ రెండూ పక్కపక్కనే నడవగలవు.

రెండోది కొరియా పాఠం. సియోల్‌లో 1984లో ప్రారంభమైన దేవన్ వంటి విదేశీ భాషా ఉన్నత పాఠశాలలు క్రమేణా పేరున్న విశ్వవిద్యాలయాలకు మెట్లుగా మారాయని, ట్యూషన్ల భారం పెంచాయని విమర్శలు వచ్చాయి. వాటిని 2025 నాటికి సాధారణ పాఠశాలలుగా మార్చాలని 2019లో నిర్ణయించిన ప్రభుత్వం 2024లో మనసు మార్చుకుంది.

ముగింపు

అందువల్ల ప్రతిపాదిత పాఠశాల ఎనిమిదో తరగతి నుంచి వసతితో నడవాలి. ప్రవేశ పరీక్ష విదేశీ భాషా పరిజ్ఞానాన్ని అడగకూడదు. విని గ్రహించే శక్తినీ, మాతృభాషలో చదివి చెప్పగల నేర్పునూ చూడాలి. వీటికి కోచింగ్ అవసరం తక్కువ. సీట్లలో సింహభాగం ప్రభుత్వ బడుల పిల్లలకు దక్కాలి. బోధనకు ఇఫ్లూతో దీర్ఘకాలిక ఒప్పందం ఉండాలి. మొదట రెండు భాషలతో, ఒక గురుకులంలో ప్రత్యేక విభాగంగా ప్రారంభించినా చాలు. ఐఐటీ సీటు కోసం ప్రభుత్వం పెట్టే శ్రద్ధలో కొంత భాషలపై పెడితే, తెలుగు బడిలో చదివిన అమ్మాయి జపనీస్ ఇంజినీరుతో ఆయన భాషలోనే మాట్లాడగలుగుతుంది.