ఆవాజ్ ఒక అమానత్: ఆడాసిటీ కిస్సా

అరకు సంతలో ఓ గంట నిలబడితే ఎన్ని జబాన్లు చెవిన పడతాయో! కొండ, కువి, గదబ, ఆదివాసీ ఒరియా, మధ్యమధ్య తెలుగు. వీటిలో చాలావాటి ఖజానా కితాబుల్లో లేదు, పెద్దల గొంతులో ఉంది. మన ఇళ్ళ సంగతీ అంతే కదా? నానీ దక్ఖనీలో చెప్పిన కహానీలు ఎవరు రాసిపెట్టారు?

భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1950లలో అరకు వైపు తిరిగి కొండ భాషను పరిశీలించారు. కూబి అని కూడా పిలిచే ఆ భాష కథలు, వ్యాకరణం, పదకోశం 1969లో కితాబుగా వచ్చాయి. ఎంతో మెహనత్! అయితే కాగితం మీద మాట నిలుస్తుంది గానీ చెప్పినవాళ్ళ గొంతు వినిపించదు. గొంతు దాచాలంటే రికార్డు చేయాలి, చప్పుడు తగ్గించాలి, అతకాలి. ఒకప్పుడు అది స్టూడియోల పని. దాన్ని మామూలు మనుషుల ఇంటికి తెచ్చినవాటిలో ఆడాసిటీ ఒకటి.

1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో డొమినిక్ మజోనీ అనే విద్యార్థి, ప్రొఫెసర్ రోజర్ డానెన్‌బర్గ్ తమ పరిశోధన కోసం దీన్ని మొదలుపెట్టారు. 2000 మే నెలలో 0.8 వెర్షన్ లోకానికి వచ్చింది. ముఫ్త్‌గా ఇవ్వడమే కాదు, సోర్స్ కోడ్ కూడా తెరిచిపెట్టారు. 2002లో 1.0, 2004లో 1.2, 2012లో 2.0 వచ్చాయి. 2015 నాటి 2.1లో వెనక రొదను తగ్గించే సాధనం మెరుగుపడింది. ఎంపీత్రీ పేటెంట్ల అడ్డు 2017లో తొలగింది. దాంతో 2019 నుంచి ఎంపీత్రీ చేయడానికి వేరే లైబ్రరీ వెతుక్కునే తక్లీఫ్ తప్పింది.

పాత వెర్షన్లలో ఒక చిక్కు ఉండేది. ప్రాజెక్టు ఫైలు ఒకచోట, అసలు ఆవాజ్ ముక్కలు పక్కనున్న డేటా ఫోల్డరులో. తెలియక ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకెళితే, అవతల తెరిచినప్పుడు ఆవాజ్ ఉండదు. 2021 మార్చిలో వచ్చిన 3.0 రెండింటినీ ఒకే ఫైలులో చేర్చింది. అదే ఏడాది 3.1తో, ట్రిమ్ చేసిన అంచును వెనక్కి లాగితే దాగిన భాగం మళ్ళీ వచ్చే సౌకర్యం కలిగింది. 2022లో 3.2 వచ్చాక, అసలు రికార్డింగును మార్చకుండానే ఎఫెక్టులు వేసి వినే వీలు దొరికింది.

2021లోనే ప్రాజెక్టు మ్యూజ్ గ్రూప్ చేతికి వెళ్ళింది. వాడేవాళ్ళ లెక్కలను గూగుల్, యాండెక్స్ సేవల ద్వారా సేకరించే ప్రతిపాదన బయటపడగానే దునియా అంతటి నుంచి ఎతరాజ్ వచ్చింది. వాళ్ళు దాన్ని విరమించుకున్నారు. ఇంటి మాటలు ఈ సాధనానికి అప్పగించేవాళ్ళు భరోసా అడగడం వాళ్ళ హక్కే.

ఇక మన పని. ఇంట్లో నానీ, దాదా ఉంటే ఈ ఆదివారమే పక్కన కూర్చోండి. ఫ్యాను ఆపి, ఫోన్ దగ్గర పెట్టి, ఒక కహానీ చెప్పమనండి. అసలు రికార్డింగును ముట్టుకోకుండా రెండు చోట్ల దాచండి, కత్తిరింపులన్నీ నకలు మీదే చేయండి. ఫైలు పేరులో చెప్పినవాళ్ళ పేరు, ఊరు, తారీఖు రాయండి. ముప్పై ఏళ్ళ తర్వాత వినే మనవలకు ఆ గొంతు ఎవరిదో తెలియాలి.