మల్టీకాస్ట్ ప్రసారం: రౌటర్ల ధ్రువీకరణ, జంట దారులు

ఒకే టీవీ చానల్‌ను వెయ్యి ఇళ్లు చూస్తున్నా మూలం నుంచి ఒక్క ప్రతినే పంపి, దారి చీలిన చోట మాత్రమే రౌటరు చేత నకళ్లు తీయించే పద్ధతి మల్టీకాస్ట్. కర్నూలు-కడప (కె.సి.) కాలువ నీరు తూము తూముకూ పంచుకుపోయి తగ్గుతుంది. ఇక్కడ ఎన్ని పాయలైనా ప్రవాహం తగ్గదు. స్టాన్‌ఫర్డ్‌లో స్టీవ్ డీరింగ్ రూపుదిద్దిన ఈ పద్ధతి 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1112 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వెలువడింది. 1992 మార్చిలో శాన్ డియాగోలో జరిగిన, ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ సమావేశపు మాటలు ఇలాగే ఇంటర్నెట్‌లో ప్రసారమయ్యాయి. 224.0.0.0 నుంచి 239.255.255.255 వరకూ ఉన్న చిరునామాలను మల్టీకాస్ట్‌కే కేటాయించారు.

అయితే ప్రవాహం సాగాలంటే దాన్ని మోసే తీగ తెగకుండా ఉండాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015లో ఏపీ ఫైబర్‌నెట్ సంస్థను నెలకొల్పింది. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా సుమారు 24,000 కిలోమీటర్ల ఫైబర్ లాగి, విద్యుత్ సబ్‌స్టేషన్లలో పరికరాలు పెట్టారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని జాతికి అంకితం చేశారు. మొదట్లో నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, ఫోను, టీవీ చానళ్లు ఇవ్వజూపారు. ఖర్చూ కాలమూ కలిసొచ్చాయి గానీ, స్తంభాల మీది తీగ గాలికీ, విరిగిపడే కొమ్మలకూ లోబడే ఉంటుంది. నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు (2022 వరకు కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల) వంటి ఊళ్లకు ఇది చిన్న విషయం కాదు.

అందుకే జంట దారులు. 2015 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7431 ప్రకారం రౌటరు ఒకే ప్రవాహాన్ని రెండు దారుల్లో అందుకుని, ఒకటి వాడుతూ రెండోదాన్ని వదిలేస్తుంటుంది. మొదటిది ఆగిన వెంటనే రెండోదానికి మారుతుంది. కొత్త దారి వెతుకుతూ ఆగాల్సిన పని ఉండదు.

ధ్రువీకరణ లేకపోతే ఈ ఏర్పాటంతా వృథా, ఈ సంగతిని చాలామంది తక్కువగా చూస్తారు. పిమ్ అనే మల్టీకాస్ట్ ప్రోటోకాల్‌కు సొంత దారుల పట్టిక లేదు. మూలం వైపు దారి ఏదో మామూలు పట్టికలోనే చూసి, ఆ వైపు నుంచి కాక వేరే వైపు నుంచి వచ్చిన ప్యాకెట్లను పారేస్తుంది. ఆ మామూలు పట్టికను నింపే ఓఎస్‌పీఎఫ్ ప్రోటోకాల్‌లో దొంగ రౌటరొకటి పొరుగువాడినని చేరి తప్పుడు దారి చెబితే, తీగలన్నీ బాగున్నా తెర నల్లబడుతుంది. 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2328 ఎండీ5 తాళాన్ని, 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5709 మరింత గట్టిదైన షా పద్ధతిని ఇచ్చాయి. తాళంచెవి రెండు కొసల్లోనూ ఒకటే కావాలి. మార్చేటప్పుడు పాతదీ కొత్తదీ కొంతసేపు కలిసి చెల్లేలా గడువులు పెడితే పొరుగు సంబంధం తెగదు.

ధ్రువీకరణ సరే, జంట దారులు రెండూ ఒకే స్తంభాల వరుస మీద వేలాడితే ఒక్క చెట్టు కూలినా రెండూ పోతాయి. వాటిని వేర్వేరు సబ్‌స్టేషన్ల గుండా, వేర్వేరు రోడ్ల వెంట తేవాలి.